హుండీలో పడ్డ పెళ్లికూతురు

మా దేవసేనత్తకు యాభై నాలుగో ఏట పెళ్లి కుదిరింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నాకు అడ్డం రావద్దు. తిరుత్తణిలో మా నేతగాళ్ల వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తే. పెళ్లిచీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్నప్పుడల్లా నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడేది.

అత్త మా నాయనకు అక్క. మా తాత పోయేసరికి పావడా కట్టుకునే పిల్ల. మగ్గంలో కూర్చుని తమ్ముళ్లను చదివించింది, వాళ్లకు పెళ్లిళ్లు చేసింది. తన పెళ్లి మాట ఎత్తితే వచ్చే ఏడు చూద్దాం అనేది. ఆ వచ్చే ఏడు ఎప్పటికీ రాలేదు. అలాగని ఆమెను చూసి ఎవరైనా అయ్యో పాపం అన్నారా, వాళ్లకు ఆ ఇంట్లో కాఫీ పుట్టదు. అంత పౌరుషం.

పెళ్లికొడుకు నటరాజు మామది తిరువాలంగాడు. చెరకూ వేరుశెనగా పండించే రైతు, భార్య పోయి చాలా కాలమైంది. ఒకసారి అత్త నేసిన లుంగీ కొనుక్కుపోయి, పొట్టిగా ఉందని వెనక్కు తెచ్చాడు. అత్త కొలిచి చూపించి, పొట్టిగా లేదు, మీరే పొడుగున్నారని చెప్పి పంపించింది. మరుసటి నెల ఇంకోటి కొనుక్కుపోయి, పొడుగైందని తెచ్చాడు. ఆ పై నెల రంగు బాగాలేదన్నాడు. మా అమ్మ శశికళకు అప్పుడు అర్థమైంది. అత్తకు మాత్రం ఆయన బీరువా నిండిపోయి, ఇక లుంగీ పెట్టడానికి చోటు లేదని చెప్పుకున్నాకే అర్థమైంది.

పెళ్లి కొండ మీద మురుగన్ స్వామి సన్నిధిలో. కోవెల ఆఫీసులో ఆధారు కార్డు చూపించాలి, వయసుకు రుజువు ఇవ్వాలి, ఇది మొదటి పెళ్లేనని సర్టిఫికెట్ పెట్టాలి. ఆ సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు, యాభై నాలుగేళ్లుగా ఊరందరికీ తెలిసిన సంగతికి మళ్లీ ముద్ర ఎందుకని అత్త అడిగిందట. ఏదైతేనేం, ముద్ర పడింది.

ఇప్పుడు మా ఇళ్లలో ఉన్న పిచ్చి ఒకటి చెప్పాలి. మగ్గం మీద కోసిన గుడ్డముక్క ఏదీ పారేయం. పసుపునీళ్లలో ముంచి, ఆరేసి, ఇంట్లో విలువైనది ఏదున్నా అందులో మూట కడతాం. స్వామికి మొక్కుకున్న ముడుపూ పసుపు గుడ్డలోనే, ఆధారు, రేషను కార్డులూ పసుపు గుడ్డలోనే. అన్నీ దేవుడి పటాల ముందు ఒకే అలమరాలో. పెళ్లి కుదిరితే ఇస్తానని అత్త ఎప్పుడో కట్టిన ముడుపు చిల్లరతో బరువెక్కితే, ఆ మధ్య స్వామికి తప్పు చెప్పుకుని విప్పి, నోట్లుగా మార్చి మళ్లీ కట్టింది. దాంతో ఏ మూట ఏదో పట్టుకుని చూసినా తెలియదు. మేం విప్పి చూడం. దేవుడికి కట్టిన ముడి విప్పడం తప్పని మా పెద్దవాళ్ల మాట.

పెళ్లి పదిరోజుల్లోకి వచ్చింది. అత్త కొండెక్కి, కళ్లు మూసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, మూటను హుండీలో వేసి వచ్చింది. సాయంత్రం జెరాక్సులు తీయించాలని మా అమ్మ రెండో మూట విప్పింది. జలజలా నోట్లు రాలాయి. మా అమ్మ నోట్లను చూసింది, అత్తను చూసింది, నేల మీద చతికిలబడింది. ఆధారు, రేషను కార్డు, ఓటరు కార్డు, మొదటి పెళ్లి సర్టిఫికెట్ అన్నీ మడతలుపడి హుండీలో ఉన్నాయి.

వేరే ఎవరైనా అయితే గుండెలు బాదుకుంటారు. మా అత్త ఏం చేసిందనుకున్నారు? నోట్లన్నీ మళ్లీ మూట కట్టి, ముందు మొక్కు తీరాలని మళ్లీ కొండెక్కింది. పట్టాభిరాంలో డ్యూటీ ముగించుకుని అప్పుడే రైలు దిగి ఇంటికొచ్చిన నేను, చెప్పులు కూడా విడవకుండా ఆమె వెనక మెట్లెక్కాను. రొప్పుతూ తిట్టాను, తిడుతూ రొప్పాను. ఆమె వినలేదు. ముడుపు వేసి, చెంపలు వేసుకుని, అప్పుడు ఆఫీసుకు వెళ్లింది.

పెళ్లిళ్లు నమోదు చేసే కార్తికేయన్ సారు నెమ్మదైనవాడు. అంతా విని, నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాడు. హుండీలో పడింది స్వామిదేనమ్మా, లెక్కింపు రోజు గాని తెరవం, అది మీ ముహూర్తం దాటాక వస్తుంది అన్నాడు. పోయినట్టు పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం తీసుకుని కొత్తవి చేయించుకోమన్నాడు. సులువే కదా అనుకున్నాను. మా అత్త సంగతి తెలిసి కూడా అనుకున్నాను చూడండి, నాదీ బుద్ధే!

స్టేషన్‌లో ఏట్టు, అదే హెడ్ కానిస్టేబుల్, ఆరోగ్యస్వామి అడిగింది ఒకటే, ఎవరన్నా దొంగిలించారా అని. లేదంది. అయితే యాడో పారేసుకున్నారు అని రాయబోయాడు. అత్త ఆయన చేతిని పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"పారేసుకోలేదు సార్. యాడుండాయో నాకు తెలుసు. స్వామి హుండీలో ఉండాయి. తెలిసి తెలిసి పోయినాయని అబద్ధం యెట్ల రాసిస్తాను?"

ఏట్టు పెన్ను కింద పెట్టాడు. హుండీలో పడ్డాయని రాస్తే, తీసుకున్నది ఎవరని అడుగుతారమ్మా, మురుగన్ మీద కేసు పెట్టమంటారా అన్నాడు. స్టేషన్ మొత్తం ఘొల్లుమంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఒక్క మాట, చిన్న మాట, అనేస్తే ఏం పోతుంది అని గోడ పక్కకు లాక్కెళ్లి అరిచాను. పెళ్లి ముందు నోట అబద్ధం రాకూడదని మొండికేసింది. కాగితం లేకుండానే ఇంటికొచ్చాం.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఇంట్లో మా అమ్మ భయం మొదలుపెట్టింది. "ఆ స్వామికే ఇష్టం లేదేమో వదినా. ఉంటే కాగితాలన్నీ యెందుకు లాక్కుంటాడు?" అంది. మంచి మనసుతోనే అంది, కానీ ఆ మాట అత్తకు సూటిగా తగిలింది. అప్పటిదాకా నవ్విన మనిషి వెళ్లి మగ్గంలో కూర్చుంది. ఈ వయసులో నాకు ఆశ పుట్టడమే తప్పేమో, పెళ్లి వద్దని ఆయనకు చెప్పేయండి అంది. నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. పెళ్లిచీర తీసి దాచబోతుంటే లాక్కున్నాను.

ఫోన్ చేసి నేనే నటరాజు మామకు చెప్పాను. ఆయన మోపెడ్ మీద, వెనక వేరుశెనగ బస్తా కట్టుకుని వచ్చాడు. ఇంత గోలలో బస్తా ఎందుకని అడిగితే, వట్టి చేతులతో ఎట్లా వస్తానన్నాడు. లోపలికొచ్చి, మగ్గం గుంట పక్కన నేల మీదే కూర్చున్నాడు. ఆమె నేసే గుడ్డ అంచును వేలితో తడిమాడు.

"దేవసేనా, నీ పేరు, నీ ఊరు, నీ వయసు, నువ్వు యెవురి కూతురివో, అన్నీ కొండ మీద ఆయప్ప తన దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకోనీ. నాకు అవన్నీ యెందుకు? ఉత్త మనిషిగా రా, చాలు."

మగ్గం ఆగింది. అత్త తల ఎత్తలేదు గాని భుజాలు కదలడం చూసి, ఏడుస్తోందనుకుని మా అమ్మ దగ్గరకు పరుగెత్తింది. నవ్వుతోంది! ఆ నవ్వు తిరిగి రావడం చూసి మా అమ్మ కూడా నవ్వేసింది. స్వామి కాగితాలు తీసుకున్నది జాతకం చూసుకోవడానికే అయ్యుంటుందని ఆమే మాట మార్చింది.

మర్నాడు నేను సెలవు పెట్టాను. అత్త, మామ, నేను ముగ్గురం రైలెక్కి తిరువళ్లూరు పోయాం. ఆధారుకు పోలీసు కాగితం అక్కర్లేదని, మనిషి వస్తే చాలని సెంటరులో చెప్పారు. ఆ ఒక్క మాట ముందే చెప్పివుంటే! అయితే నూలు ఒరిసి ఒరిసి అరిగిన అత్త వేళ్లను మిషన్ గుర్తుపట్టలేదు. సరే, కంటిని చూపించమన్నారు. రెప్ప వేయకుండా సూటిగా చూడాలి. వెనక నిలబడ్డ నటరాజు మామ, అదరవద్దు, బెదరవద్దు అని ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు వినబడితే చాలు అత్తకు నవ్వు, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. మిషన్ కాదంటోంది. చివరికి సెంటరు అమ్మాయి విసిగిపోయి పెళ్లికొడుకును బయటికి పంపేసింది. అప్పుడు పడింది కన్ను. కార్డు వచ్చింది, సర్టిఫికెట్ మళ్లీ ముద్రించి ఇచ్చారు. పక్క కొట్లో అత్త కార్డు, మామ కార్డు కలిపి జెరాక్స్ తీయించి, బోండాలు తిని, పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చాం.

పెళ్లి రోజు ఆఫీసులో అత్త కొత్త కార్డు కార్తికేయన్ సారు చేతిలో ఠీవిగా పెట్టింది. ఆయన చూసి, మామ కార్డు అడిగాడు. మామ జేబు తడిమాడు. సంచి తడిమాడు. జెరాక్స్ ఉంది. కార్డు తిరువళ్లూరు కొట్లో మిషన్ మూత కిందే ఉండిపోయింది.

జెరాక్సులో ముఖం నల్లటి మచ్చ. ఉన్న గుర్తల్లా గుబురు మీసం ఒకటే. మామ ముందురోజే కుర్రవాడిలా కనిపించాలని మీసం తీసేసి, జుట్టుకు నల్లరంగు కొట్టుకుని వచ్చాడు! కార్తికేయన్ సారు కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దాని మీది క్యూఆర్ గళ్ల గుర్తును ఫోన్‌తో చూడబోతే కొండ మీద సిగ్నల్ తిరుగుతూనే ఉంది. బయట మేళగాళ్లు సన్నాయి సవరించుకుంటున్నారు, అయ్యవారు వేళ మించుతోందని కేకేస్తున్నారు. మామ ముఖం తెల్లబోయింది.

సారు నిట్టూర్చి అత్త వైపు తిరిగాడు. ఈ మనిషి మీకు ఎవరమ్మా అని అడిగాడు.

"నా మొగుడు" అంది అత్త.

కార్తికేయన్ సారు ముద్ర వేసేశాడు. అప్పటికి తాళి ఇంకా పళ్లెంలోనే ఉంది.