డౌటు బాబాయి గింగిరాలు

లోకంలో ఒక్కొక్కరికి సవాలక్ష సందేహాలుంటాయి. డౌటు బాబాయికి ఉన్న అసలు సందేహం ఒక్కటే. కాకపోతే దాన్ని మూడేళ్ళుగా, వారానికి రెండుసార్లు, చెయ్యెత్తి మరీ అడుగుతున్నాడు.

"టీచరమ్మా, ఒక్క చిన్న డౌటు. తిరిగేటప్పుడు కాలు ముందా, తల ముందా?"

ఆ మాట చెవిన పడగానే సల్సా టీచరమ్మకి ఎడమ కన్ను అదరడం మొదలవుతుంది. టైర్ల షాపు పైనున్న పొడవాటి హాల్లో ఆవిడ సల్సా డాన్సు నేర్పడం మొదలుపెట్టి అయిదేళ్ళయింది. అందులో మూడేళ్ళు ఈ ఒక్క ప్రశ్నకే ఖర్చయిపోయాయని ఆవిడ బాధ.

"కాలూ కాదు, తలా కాదు బాబాయిగారూ! ముందు ఒళ్ళు తిరుగుతుంది. కళ్ళు మాత్రం ఎదురుగా గోడ మీద ఒక్క చోటే అతుక్కుని ఉండాలి. ఇక మెడ తిరగదు అనిపించినప్పుడు తలని గిర్రున తిప్పి, మళ్ళీ అదే చోటుని పట్టుకోవాలి. అప్పుడే కళ్ళు తిరగవు."

"అంటే, తల ఆఖర్న బయల్దేరి అందరికంటే ముందు చేరిపోతుందన్నమాట."

"అంతే! అంతే!"

"బాగుంది. మరి కాలో?"

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. పొట్టి మనిషి, చొక్కా గుండీల ఓర్పుని పరీక్షించే పొట్ట, అద్దంలా మెరిసే బూట్లు. ఆయన స్పిన్, అంటే ఆ గిర్రున తిరగడం, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. తప్పించుకోడానికి రెండు కాళ్ళూ చాలవు. ఒకసారి మునివేళ్ళ మీద తిరగమంటే మడమ మీద తిరిగి, మడత కుర్చీల వరసలోకి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచే చెయ్యెత్తి, "టీచరమ్మా, బరువు మడమ మీద వెయ్యకూడదంటారా?" అన్నాడు.

"కుర్చీలు చెప్పలేదా మీకు?" అంది టీచరమ్మ.

ఇంకోసారి జోడీగా ఉన్నావిడని తిప్పమంటే, నీళ్ళ కుళాయి బిగిస్తున్నట్టు ఆవిడ చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. "వేళ్ళు వదులుగా ఉంచండి! మీ చెయ్యి ఆవిడ తల చుట్టూ తిరిగితే, ఆవిడే మీ వేళ్ళ కింద తిరుగుతుంది," అని టీచరమ్మ పరిగెత్తుకొచ్చి చేసి చూపించింది. తరవాతి క్లాసులో అదే కుళాయి, అదే బిగింపు.

హాజరు పట్టీ రాయడం, పాటలు పెట్టడం టీచరమ్మ వాళ్ళక్క పని. ఆవిడకి బాబాయి అంటే మహా ఇష్టం.

"ఆయన్ని చూస్తే భలే నవ్వొస్తుందే నాకు."

"నాకు ఏడుపొస్తుంది. మూడేళ్ళలో రాయికి నేర్పినా తిరిగేది. పై బ్యాచ్‌కి పొమ్మంటే, 'ఇంకా పునాది గట్టిపడలేదమ్మా' అంటాడు. ఇంకెప్పుడు గట్టిపడుతుంది, మోకాళ్ళు అరిగాకా?"

అలాంటి సమయంలో కొత్త బ్యాచ్ మొదలైంది. బాబాయి కాక పద్నాలుగు మంది చేరారు. హాలు మేనేజరు ముందే చెప్పేశాడు, పదిమంది కంటే తగ్గితే ఆ గంట టేబుల్ టెన్నిస్ వాళ్ళకి ఇచ్చేస్తానని. ఒక్కరు జారినా ఒప్పుకోకూడదని టీచరమ్మ నడుం బిగించింది. రెండో రోజే బాబాయి ఆ నడుం విరగ్గొట్టాడు. గంట క్లాసులో నాలుగుసార్లు డౌటు అడిగాడు. నాలుగోసారి జవాబు చెప్తుండగా టైమైపోయింది.

టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "బాబాయిగారూ, మీ ఒక్కరి కోసం ఇంతమంది ఆగిపోతున్నారు. దయచేసి ఈ క్లాసుకి ఇక రాకండి. వస్తే పై బ్యాచ్‌కి రండి, లేకపోతే మానెయ్యండి!"

బాబాయి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తరవాత మెల్లగా చెయ్యెత్తాడు.

"ఒక్క చిన్న డౌటు. పై బ్యాచ్ ఎన్నింటికి?"

అందరూ పక్కున నవ్వారు. వెనక వరసలో నిలబడ్డ, కొత్తగా చేరిన నర్సు ఒక్కతే నవ్వలేదు.

బాబాయి లేని మొదటి క్లాసు టీచరమ్మకి పండగలా గడిచింది. స్పిన్ చెప్పింది, చూపించింది, "అర్థమైందా?" అంది. "అర్థమైంది," అన్నారు పద్నాలుగు మందీ, గంగిరెద్దుల్లా తలలూపుతూ. ఇరవై నిమిషాలు ముందే పాఠం అయిపోయింది. "చూశావా అక్కా, ముల్లు తీసేస్తే నడక ఎంత హాయిగా ఉందో," అంది.

అక్క హాజరు పట్టీ మూసేసింది.

అదే వారం బాబాయి పై బ్యాచ్‌కి వచ్చాడు. ఆ రోజు పాఠం డబుల్ స్పిన్. ఒక్క ఊపులో రెండు చుట్లు, ఏడాదిగా నేర్చుకుంటున్నవాళ్ళే తూలిపోయే పాఠం. బాబాయి ఎటు పడతాడోనని టీచరమ్మ ముందుజాగ్రత్తగా కుర్చీలన్నీ బయట పెట్టించింది. పాట మొదలైంది. బాబాయి ఎడమ కాలు నేలకి ఆనించాడు, మోచేతులు దగ్గరికి తెచ్చుకున్నాడు, తిరిగాడు. ఒకటి, రెండు. పొట్టతో సహా మొత్తం మనిషి, గీత గీసినట్టు, బయల్దేరిన చోటే ఆగాడు. చొక్కా కూడా నలగలేదు.

టీచరమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"ఏదో... కుదిరిపోయిందమ్మా," అని బాబాయి బూట్ల వంక చూసుకున్నాడు. క్లాసవగానే, స్టూడెంటు ఎదురుచూస్తున్నాడంటూ మెట్లు దిగి మాయమైపోయాడు.

"అక్కా, ఈయనకి వచ్చు! మూడేళ్ళూ నాటకం! నన్ను ఆడుకున్నాడు!" టీచరమ్మకి రెండో కన్ను కూడా అదరడం మొదలైంది.

"నిన్ను ఆడుకుంటే ఆయనకేమొస్తుందే?"

"అదే, ఏమొస్తుంది? నా ప్రాణం పోతుంది, అంతేగా!"

కానీ ఆ కోపాన్ని తీరిగ్గా పెంచుకునే వీలు లేకపోయింది. కింది బ్యాచ్‌లో పద్నాలుగు మంది పదకొండయ్యారు. పై వారానికి ఎనిమిది. మేనేజరు తలుపులోంచి తొంగిచూసి, వేళ్ళ మీద మనుషుల్ని లెక్కపెట్టుకుని, వెళ్ళిపోయాడు. వెనకే ఒకాయన టేబుల్ టెన్నిస్ బల్ల పడుతుందో లేదోనని గది కొలుచుకుపోయాడు.

టీచరమ్మ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఒకరికి పని ఒత్తిడి, ఒకరికి నడుం నొప్పి. నర్సు మాత్రం కాసేపు నసిగి, నిజం చెప్పేసింది.

"తిరిగితే వికారంగా ఉంటోంది మేడమ్. కళ్ళు ఎక్కడ పెట్టాలో నాకు బుర్రకెక్కలేదు."

"అయ్యో, అడగొచ్చుగా తల్లీ!"

"ఎలా అడగను? అందరూ అర్థమైందన్నారు. నేనొక్కదాన్నే మొద్దునని తెలిసిపోదూ? బాబాయిగారుంటే బాగుండేది. నేను అడగాలనుకుంటూ ఉండగానే సరిగ్గా అదే ఆయన అడిగేసేవారు. పైగా..." నర్సు గొంతు తగ్గించింది. "ఆయన్ని చూస్తే, ఫర్లేదు, నేనే నయం అనిపించేది మేడమ్."

టీచరమ్మ ఫోన్ పెట్టేసి చెప్పులేసుకుని తిన్నగా డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళింది.

మైదానంలో బాబాయి కారు పక్కన నిలబడి, వంగిపోయిన బంపర్‌ని అరచేత్తో సర్దుతున్నాడు. ఆవిణ్ణి చూడగానే సర్దడం మానేసి, తప్పు చేసి దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు.

"మూడేళ్ళు! మూడేళ్ళు నా బుర్ర తిన్నారు. ఎందుకు?"

"కూర్చోండమ్మా," అని ముందు తలుపు తీశాడు. "ఈ బంపర్ చూశారా? ఇందాకటి కుర్రాణ్ణి 'క్లచ్ అర్థమైందా' అంటే, 'ఓ, బ్రహ్మాండంగా' అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో నా కారుని గోడకి కొట్టినవాళ్ళంతా అర్థమైందన్నవాళ్ళే. అడిగినవాడు ఒక్కడూ కొట్టలేదు. అందుకే మీ క్లాసులో వెనక నిలబడి చూస్తుంటా. ఎవరి కాలు తడబడుతోందో, ఎవరు బిక్కమొహం వేశారో. వాళ్ళ తప్పునే నేను కాస్త పెద్దగా చేసి అడుగుతా. నా వయసుకి సిగ్గేముంటుంది? జుట్టుతోపాటే రాలిపోయింది."

"అంటే ఆ కుర్చీల్లో పడ్డం..."

"ఆ వారం ఒక తపాలా ఆఫీసు క్లర్కు మడమ మీద తిరుగుతున్నాడమ్మా. ఇప్పుడు మీ పై బ్యాచ్‌లో ముందు వరస అతనిదే."

"ఆ సంగతి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్తే మీరు అంత మనస్ఫూర్తిగా విసుక్కునేవారా? ఆ విసుగుతో చెప్పిన పాఠమే వాళ్ళకి గుర్తుంటుంది." బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అయినా మొత్తం నాటకం కాదులెండి. మొదటి ఏడాది మీరు చెప్పింది నాకూ నిజంగానే అర్థం కాలేదు. అడగ్గా అడగ్గా మీకూ చెప్పడం వచ్చింది."

టీచరమ్మకి ఆయన్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. "మంగళవారం రండి. కింది బ్యాచ్‌కి. ఆలస్యం చేస్తే ఊరుకోను," అని విసురుగా కారు తలుపేసి వచ్చేసింది. దారిలోనే నర్సుకి ఫోన్ చేసి, బాబాయి మళ్ళీ వస్తున్నాడని చెప్పింది. నర్సు మిగతా అందరికీ చెప్పింది.

మంగళవారం అక్క పన్నెండు మందికి హాజరు వేసింది. అందులో ఒకాయన కొత్త, బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉండే ఆరడుగుల మనిషి. స్పిన్ అనగానే రెండు చేతులూ బట్టలారేసే తీగలా బారచాపి తిరిగి, తూలి, ఎవరైనా చూశారేమోనని భయంభయంగా అటూఇటూ చూశాడు.

మరుక్షణం బాబాయి అంతకంటే బారుగా చేతులు చాపి ఒక చుట్టు తిరిగాడు. అక్క ముందున్న నీళ్ళ సీసా ఎగిరి తలుపు దగ్గర పడింది.

"బాబాయిగారూ! మోచేతులు! మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి! చేతులు చాపితే తూలక ఏమవుతారు? మీకు ఎన్ని జన్మలెత్తి చెప్పాలి?"

కాపలాదారు గుట్టుగా మోచేతులు ముడుచుకుని తిరిగి చూశాడు. పూర్తి చుట్టు! తన కాళ్ళని తనే నమ్మలేక ఇంకోసారి తిరిగాడు. పక్కనే నర్సు కూడా తిరిగింది. కానీ వాళ్ళ వెనక మూలలో మరొకావిడ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

సీసా ఏరుకొచ్చే నెపంతో బాబాయి టీచరమ్మ పక్కకి వచ్చాడు.

"ఒక్క చిన్న డౌటు టీచరమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇంకాస్త గట్టిగా తిట్టడానికి వీలవుతుందా? మూలనున్న ఆవిడకి వినపడలేదు."