వేళ్ళతో కళ్ళు తుడుచుకున్న సాక్షి

మా పక్కవాటా పిన్నిగారు పోయారు. పోయిన గురువారం మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా మా ఇంట్లో క్రైమ్ సీరియల్ మొదలయ్యే వేళకి ఆ సంగతి తెలిసింది. ఆవిడ ఇంకా రాలేదేమిటా అని, నా దగ్గర మిషను కుట్టే షమీమ్‌ని చూసి రమ్మని పంపించాను. షమీమ్ తిరిగొచ్చి టీవీ కట్టేసింది. ఏమొచ్చిందే నీకు అని గదిలో ఉన్న ఆడవాళ్ళమంతా ఒక్కసారే కేకలేశాం.

"పిన్నిగారు లేవట్లేదక్కా," అంది.

గుంటూరులో ఒక ఇరుకు సందులో, ఇంటి ముందుగదిలో జాకెట్లు కుట్టుకునే మనిషిని నేను. నోటి దురుసు ఎక్కువని సందు సందంతా చెబుతుంది. కాదనను. ఆ నోటితో నేను చేయబోయిన ఒక తప్పుని ఆపింది పిన్నిగారే కాబట్టి, ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసు ఊరుకోదు.

ఆవిడది పెదకాకాని దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళు మిర్చి యార్డులో ఎండుకాయలకి తొడిమలు తీశారు. మోకాళ్ళు పట్టేశాక మానేశారు గానీ, సీజన్లో నాలుగు రోజులైనా వెళ్ళకపోతే ఆవిడకి తోచేది కాదు. ఆవిడ గడప ఎక్కకముందే, చీరకి పట్టిన మిరప ఘాటుకి మాలో ఎవరో ఒకరం తుమ్మేవాళ్ళం. "వచ్చాన్లే, ఇక తుమ్మింది చాలు," అంటూ గోడకి చేరగిలబడేవారు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చినా ఆవిడ చెయ్యి పైకి లేచేది కాదు. భుజం ఎత్తి జాకెట్టు చేతికి కళ్ళు అద్దుకునేవారు. చంటిపిల్లల బుగ్గల్ని మోచేత్తో నిమిరేవారు. యార్డు మానేసి ఏళ్ళయినా ఆ అలవాటు పోలేదు. మేం దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

మా గదిలో సీరియల్ చూడటమంటే తీర్పులు చెప్పటమే. టైటిల్ పాట అయ్యీ అవకముందే ఒకరు మొగుడంటారు, ఒకరు తోడికోడలంటారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పేది నేను. పిన్నిగారు మాత్రం ఉండండమ్మా, కాస్త చూడనివ్వండి అనేవారు. మనుషులు ఏం చెబుతున్నారో ఆవిడ సగమే వినేవారు. "మాటలు ఎవరైనా నేర్పుతారు అమ్మాయ్, చేతులకి ఎవరు నేర్పుతారు?" అనేవారు.

మూడేళ్ళ క్రితం వేసవిలో ఒక ఎపిసోడ్ వచ్చింది. మిరపతోటల ఆసామి విషం తాగి చచ్చిపడి ఉంటాడు. అనుమానం ఇంట్లో పనిచేసే పిల్ల మీద. పొద్దుటి నుంచీ కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాననీ, అక్కణ్ణుంచే ఆ పిల్ల పాలల్లో ఏదో కలపటం చూశాననీ ఒకావిడ సాక్ష్యం చెబుతుంది. చెబుతూ చెబుతూ భోరుమని ఏడ్చి, రెండు చేతుల వేళ్ళతో కళ్ళు తుడుచుకుంటుంది. నేను మొదటే చెప్పలా పనిపిల్లేనని, అని నేను తొడ చరిచాను. తిండి పెట్టిన చెయ్యినే కరిచిందని ఒకావిడ, ఇలాంటివాళ్ళని నమ్మకూడదని ఇంకొకావిడ. షమీమ్ మిషను మీద తల వంచుకుని కాజాలు కుడుతోంది.

"ఆవిడ కల్లంలో లేదు," అన్నారు పిన్నిగారు.

మేం తిరిగి చూశాం.

"పొద్దుటి నుంచీ కాయ తిరగేసిన మనిషి వేళ్ళు కంట్లో పెట్టుకుంటే ఈపాటికి నీళ్ళతొట్టి కాడ పడి పొర్లుతా ఉండాలి. సబ్బేసి నాలుగుసార్లు కడిగినా ఆ మంట పోదు. అబద్ధం చెబుతోంది."

మేం పడీ పడీ నవ్వాం. అది నటన పిన్నిగారూ, ఆవిడ నటి, ఆ కాయలు ఎవరో తెచ్చి పోసినవి అని చెప్పి చూశాను. ఆవిడ వినలేదు. మర్నాడు సీరియల్లో పనిపిల్లే హంతకురాలని తేలింది. ఇప్పుడేమంటారు అని అందరం ఆవిడ మీద పడ్డాం. "ఆ ఇన్‌స్పెక్టరు తొందరపడ్డాడు," అని కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు. తర్వాత వారం రోజులు, కథ మారిపోయి వేరే హత్య నడుస్తున్నా, పాపం ఆ పిల్ల ఇంకా లోపలే ఉందా అని అడిగేవారు.

నెల తిరక్కముందే ఆ కథ నా గదిలోకి వచ్చింది.

జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ చీరల సంచి ఇచ్చి వెళ్ళి, మర్నాడు పరిగెత్తుకుంటూ వచ్చింది. చీరల మధ్య బంగారు జూకాల జత మర్చిపోయిందట. సంచి దులిపాం, గది ఊడ్చాం, మిషన్లు జరిపాం. లేవు. ఆ సంచి ముట్టుకున్నది నేనూ, షమీమూ. నేను తీయలేదు. ఇంకేముంది, సీరియల్ చూసే ఆడవాళ్ళంతా చేరారు, ఆ రోజు టీవీ ముందు అన్న మాటలే మళ్ళీ అన్నారు. అంతలో ఎదురింటి మేడ మీద వాటా వాళ్ళ కోడలు చంటిదాన్ని చంకనేసుకుని దిగివచ్చింది. పొద్దుటి నుంచీ డాబా మీద కారానికి ఎండబెట్టిన మిరపకాయలు తిరగేస్తున్నాననీ, పైనుంచి మా కిటికీలోకి కనబడిందనీ, షమీమ్ సంచిలోంచి ఏదో తీసి చున్నీకి ముడేసుకుందనీ చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రేపట్నుంచి రావద్దు అన్నాను. ఆరేళ్ళు నా పక్కన కూర్చుని కుట్టిన పిల్ల. దొంగ అన్న పేరు పడితే ఈ పేటలో ఇంకెవరూ మిషను దగ్గరికి రానివ్వరని నాకు తెలుసు. తెలిసే అన్నాను. షమీమ్ మిషను ఆపి లేచింది. తన కత్తెర తీసుకుని గుడ్డలో చుట్టుకుంటోంది.

పిన్నిగారు అప్పటిదాకా గోడ దగ్గరే ఉన్నారు. లేచి, ఆ కోడలి దగ్గరికి వెళ్ళారు. చంకలో చంటిది తల్లి వేళ్ళు నోట్లో పెట్టుకుని హాయిగా చీకుతోంది. అంతమందిమి ఉన్నాం, మా ఎవరి కంటికీ అది ఆనలేదు.

"ఏదీ, ఆ చెయ్యి ఇట్టా ఇవ్వమ్మా," అన్నారు.

ఆ అమ్మాయి ఇచ్చింది. పిన్నిగారు ఆ వేళ్ళు పట్టుకుని తన కుడి కంట్లో పెట్టి రుద్దుకున్నారు. మెల్లగా కాదు, గట్టిగా. నేను వెళ్ళి ఆపబోయాను. ఆవిడ కన్ను పెద్దది చేసి అలా నిలబడ్డారు. ఎంతసేపో నాకు తెలియదు. ఆ కంట్లోంచి ఒక్క చుక్క నీరు రాలేదు.

ముప్పై ఏళ్ళు కంటికి చెయ్యి తగలనివ్వని మనిషి ఆవిడ. పొరపాటు ఆవిడదే అయ్యుంటే ఆ మంట ఎలా ఉండేదో మా అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. ఒకరి పిల్ల కోసం కన్ను పందెం కట్టారు.

కోపం మాత్రం చేయలేదు. "నువ్వు చూడలేదు తల్లీ. మేమంతా అనుకుంటున్నదాన్నే చూశానన్నావు," అన్నారు. ఆ అమ్మాయి అక్కడే కూలబడింది. కాయలు ఎండబెట్టింది వాళ్ళత్తగారట, తను డాబా ఎక్కనే లేదట. అందరూ ఒక మాట అంటుంటే తనూ ఒకటి అనాలనిపించిందట.

నేను షమీమ్ చేతిలోంచి కత్తెర తీసుకుని మిషను మీద పెట్టాను. క్షమించమని అడగటానికి నా పెద్ద నోరు ఆ పూట పెగల్లేదు. మర్నాడు అడిగాను.

జూకాలు దొరికాయా అంటారేమో, దొరకలేదు. ఆ జూకాలావిడ మళ్ళీ మా సందులోకి రాలేదు. సీరియల్లో ప్రతి కథకీ ఒక దొంగ దొరుకుతాడు, మా కథకి ఈనాటికీ దొరకలేదు. మరి తీసిందెవరు పిన్నిగారూ అని ఒకసారి విసుక్కుంటే, నాకేం తెలుసు, తెలియనిదాన్ని తెలియనట్టే ఉండనివ్వు అన్నారు. నాలాంటిదానికి అది చాలా కష్టమైన పని. ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఆ పాత ఎపిసోడ్ కిందటేడు మళ్ళీ వేశారు. సాక్షి వేళ్ళతో కళ్ళు తుడుచుకోగానే గదంతా అబద్ధం, అబద్ధం అని అరిచింది. మేడ మీద కోడలే అందరికంటే గట్టిగా అరిచింది. ఇన్‌స్పెక్టరు మాత్రం పనిపిల్లకే సంకెళ్ళు వేశాడు. ఈసారి ఎవరూ తొడ చరచలేదు. పిన్నిగారు భుజంతో కళ్ళు అద్దుకున్నారు.

ఆ గురువారం సాయంత్రం యార్డు నుంచి ఆవిడ పాత తోటివాళ్ళు పనిబట్టల్లోనే వచ్చారు. గది నిండా మిరప ఘాటు. వాళ్ళంతా భుజాలెత్తి కళ్ళు అద్దుకుంటున్నారు. పిన్నిగారిని చాప మీద పడుకోబెట్టారు. ఎడమ కన్ను మూసే ఉంది, కుడి కన్ను కొద్దిగా తెరుచుకుని ఉండిపోయింది. ఆవిడ కొడుకు రెండుసార్లు మూసినా నిలవలేదు. యార్డు ఆడవాళ్ళు తమ చేతులు చూసుకుని వెనక్కి తగ్గారు.

షమీమ్ ముందుకు జరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు వేళ్ళు ఆ కంటి మీద పెట్టి, రెప్ప దిగి నిలిచేదాకా అలాగే ఉంచింది.