కదిలే మనిషి ఫోటో

పూరీ గేట్ దగ్గర మీనాకుమారికి ఫోటో స్టూడియో ఉంది. ఉందంటే ఉంది, అంతే. చేతిలో ఫోన్ లేని మనిషి ఖరగ్‌పూర్‌లో లేడు కనక, ఇప్పుడా మెట్లెక్కేది పాస్‌పోర్టు సైజు ఫోటోలవాళ్ళే. స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని కాస్త ఇటు తిప్పి, "కదలకండి" అంటుంది. బెంగాలీవాళ్ళకైతే "నొడ్‌బేన్ నా" అంటుంది. పాతికేళ్ళుగా అదే పని, అదే మాట. సాయంత్రమయ్యేసరికి నడుము పట్టేస్తుంది.

అలాంటి మనిషిని పట్టుకుని న్యూ సెటిల్‌మెంట్ గుడి కమిటీ పెద్ద వరాహనరసింహం మేష్టారు, అమ్మవారి పండగ ఫ్లెక్సీకి కదులుతున్న ఫోటో కావాలన్నారు.

"మీ అత్త ఘటం ఎత్తుకుని ఆడతాది కదమ్మా, ఆ ఊపు రావాలి. నిలబెట్టి తీసిన బొమ్మలు చూసి చూసి విసుగొచ్చేసినాది."

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డమంటే ఇదే. అయినా "అలాగే మేష్టారూ" అంది. కాదనడానికీ ఓపిక కావాలి కదా!

ఘటం అంటే పసుపు రాసి, నీళ్ళు నింపి, వేపమండలు కట్టిన ఇత్తడి బిందె. పండగ ముందు వారమంతా రోజూ సాయంత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని రైల్వే క్వార్టర్ల లైన్లన్నీ తిరగాలి. డప్పు జోరందుకున్న చోటల్లా ఆడాలి. అది మీనాకుమారి అత్తవారింటి కోడళ్ళ వంతు. అత్త సింహాచలమ్మకి వాళ్ళత్త ఇచ్చింది. సింహాచలమ్మ మాత్రం కోడలికి ఇంకా ఇవ్వలేదు. డెబ్బై దగ్గర పడుతున్నాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, బరువులెత్తొద్దని డాక్టరు కేకలేశాడు. ఊహూ, ఇవ్వలేదు. ముసలిదానికి ఘటం మీద మోజు తీరలేదని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు.

మీనాకుమారి అవుననీ అనదు, కాదనీ అనదు. "ఇంక చాలత్తా" అంటే అది తన నెత్తికొస్తుంది. పగలంతా స్టూడియోలో నిలబడి, ఇంటికొచ్చి వంట చేసి, పైన ఇదొకటా? అలా అనుకునేది, అనుకున్నందుకు అమ్మవారికి దణ్ణం పెట్టి లెంపలేసుకునేది. మళ్ళీ ఏడు మళ్ళీ అలాగే అనుకునేది.

మొదటి సాయంత్రం కెమెరా పట్టుకుని ఊరేగింపు వెంట పడింది. వెలుతురు తక్కువ కదా అని స్టూడియో అలవాటు కొద్దీ షట్టరు నిదానంగా పెట్టింది. అన్నీ చెదిరిపోయాయి. అత్త మొహం ఉండాల్సిన చోట ఎర్రచీర రంగు పొగలా తేలింది, ఒక ఘటం మూడు ఘటాలైంది. పక్క క్వార్టరు సుజాతమ్మ అది చూసి చెంపలు వాయించుకుంది.

"ఓలమ్మా! అమ్మోరు దిగిపోనాది సూడండే!"

దిగింది అమ్మవారు కాదు, షట్టరు స్పీడు. ఎవరికి చెప్పుకోను అనుకుని మీనాకుమారి ఊరుకుంది.

మర్నాడు గోల్‌బజార్‌లో కెమెరాలు బాగుచేసే దాదా దగ్గరికెళ్ళింది. "షట్టర్ బఢావో దీదీ" అన్నాడాయన. ఆ సాయంత్రం షట్టరు వేగం బాగా పెంచింది. ఫోటోలు ఇసక చల్లినట్టు వచ్చినా, కదిలేదల్లా గడ్డకట్టుకుపోయింది. డప్పు మీద పుల్ల ఆగిపోయింది, బిందెలోంచి తొణికిన నీళ్ళు గాలిలో నిలబడిపోయాయి. అత్త మొహమూ ఆగింది. కళ్ళలో పూనకం లేదు. అవి కిందికి చూస్తున్నాయి, కాలెక్కడ పెట్టాలా అని వెతుక్కుంటున్నాయి. పళ్ళ కింద పెదవి నలిగిపోతోంది. ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి చూసిన ఆటలో ఈ మొహం ఒక్కసారీ కంటపడలేదేమా అని మీనాకుమారి ఆ ఫోటోనే పెద్దది చేసి చూసింది.

మేష్టారు చూసి పెదవి విరిచారు. "ఇది వద్దమ్మా. అమ్మవారిలా లేదు, ముసలావిడలా ఉంది."

ముసలావిడే కదా మేష్టారూ అనబోయింది. ఓపిక లేక మానేసింది.

"ఐసే నహీ" అన్నాడు దాదా మూడోనాడు. "ఉన్‌కే సాథ్ సాథ్ చలో." మనిషి ఎంత వేగంగా కదిలితే కెమెరా అంతే వేగంగా ఆ మనిషితో తిరగాలట. అప్పుడు మనిషి తేటగా నిలుస్తుంది, వెనకున్నదంతా గీతలై జారిపోతుంది. సరే అని ఆ సాయంత్రం అత్త పక్కనే ఎండ్రకాయలా అడ్డంగా నడిచింది. ఒకసారి కాలువ గట్టు తన్నుకుంది, ఒకసారి టోటో రిక్షాకి గుద్దుకుంది. ముందుకు పోతే మొహం చెదురుతోంది, వెనకపడితే చెదురుతోంది. అత్త నడక తన కాళ్ళకి పట్టుబడేదాకా ఒక్క ఫోటో రాలేదు. కుడికాలు ఆనినప్పుడల్లా ఒళ్ళంతా ఒక పక్కకి కుంగే నడక అది. రెండు లైన్లు అలా నడిచేసరికి మీనాకుమారి మోకాలే సలపరం పెట్టింది. అప్పుడొచ్చింది ఫోటో.

పొద్దున్నే అత్తకి టీ ఇచ్చి, కెమెరా చేతిలో పెట్టింది. సింహాచలమ్మ కళ్ళద్దాల కోసం తడుముకుంది, దొరక్క చెయ్యి చాపి దూరంగా పెట్టుకుని చూసింది.

"ఎవులే ఈ ముసిల్ది? మొకం సూడు, ఎలా పీక్కుపోనాదో! దీనికి కోడలు నేదేటి? ఒక్కలూ కూకోమన్రేటి?"

సింహాచలమ్మ స్క్రీను దగ్గరికి తెచ్చుకుంది. తన ముక్కుపుడక తను పోల్చుకోడానికి కాసేపు పట్టింది. కెమెరా ఒళ్ళో పెట్టుకుని టీ తాగింది.

"కోడలుందత్తా" అంది మీనాకుమారి చివరికి. "కూకోమంటే ఘటం తన నెత్తికొస్తాదని బయపడి ఊరుకున్నాది."

"నాకు తెల్దేటే? దాని బరువూ తెలుసు. పొద్దల్లా ఆ కొట్లో నిలబడి నువ్వింటికొచ్చినప్పుడు నీ మొకం ఇలాగే ఉంటాది. అందుకే నీకియ్యనేదు."

మోజు అనుకున్నారు లైనంతా. కోడలై ఉండీ తను అలా అనుకోనిచ్చింది. మీనాకుమారి వంటింట్లోకి పోయి, పొయ్యి కట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫ్లెక్సీకి మేష్టారు ఆ పొగలాంటి ఫోటోనే తీసుకున్నారు. ఆ సాయంత్రం నుంచీ ఇంక ఫోటోలు తీసేవాళ్ళు లేరు. ఘటం మీనాకుమారి నెత్తికెక్కింది.

అమ్మవారు ఒంటి మీదికి రాలేదు. రెండో లైను దాటేసరికి మెడ నరాలు తెగిపోతున్నాయి, ఊపిరి అందటం లేదు. వద్దంటే వినకుండా సింహాచలమ్మ కర్ర పట్టుకుని పక్కనే కుంటుతూ వస్తోంది. డప్పుల హోరులో కోడలి చెవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"గుమ్మం వచ్చినప్పుడల్లా వేపాకులు సద్దుకున్నట్టు ఆగే. నాలుగు దమ్ములు తీసుకో. అమ్మోరేటీ అనుకోదు, నాను అడిగినాను."