గోడ మీది గిన్నె

మా గోడవతల ఇంట్లో చేపలమ్ముకునే ఆవిడ నాకు చుట్టం కాదు. అయినా నేను అప్ప అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లీ అనేది. కిందటి నెలలో చనిపోయింది.

మర్నాటికల్లా సందు మొదట్లో ఫ్లెక్సీ వేలాడింది. నెత్తిన చేపల గంప తప్ప ఎరగని మనిషికి కంప్యూటర్ వాళ్లు పట్టుచీర కట్టి, వెనకాల మంచుకొండలు పెట్టారు. కింద ఏం రాశారో నా మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను. అన్నదాత అట. ఆ కింద అప్ప మొహం కంటే పెద్దగా సందులో పెద్దమనుషుల మొహాలు.

అన్నదాత మాట నిజమే. అమ్మగా మిగిలిన చేపని పులుసు పెట్టి, తన పేరు చెక్కించిన స్టీలు గిన్నెల్లో సందంతా పంచేది. మాకైతే గోడ మీంచే వచ్చేది. తిన్నవాళ్లు గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మావైపు మర్యాద. నేను తోమిన గిన్నెలో రెండు పచ్చిమిరపకాయలు వేసి గోడ మీద పెట్టేదాన్ని. ఖాళీ కాదు కదా.

"ఒసే సెల్లీ, ఇంత బరువు నేను మొయ్యలేనే," అనేది అప్ప. మర్నాడు మళ్లీ నిండు గిన్నే పంపేది.

పెద్ద కర్మ నాడు భోజనాలకి గిన్నెలు చాలక అప్ప కోడలు అద్దెకి తెచ్చింది. సందులో ఏ వంటింట్లో చూసినా అప్ప పేరున్న గిన్నెలే. ఒకరింట్లో కోళ్లకి నూకలు కూడా అందులోనే. ఆ ఇళ్లవాళ్లే ఆకుల ముందు కూర్చుని, అంత పెద్ద చెయ్యి ఇంకెవరికుందని కళ్లు తుడుచుకుని, ఇంకో గరిటె కూర వెయ్యమన్నారు. నాకు ఒళ్లు మండింది. చెయ్యి కడుక్కోగానే సంచి పట్టుకుని గడపగడపకీ తిరిగాను. గిన్నె ఇమ్మంటే, జ్ఞాపకంగా ఉంచుకున్నామన్నారు. కోళ్ల గిన్నె కూడా జ్ఞాపకమేనట. గట్టిగా అడిగితే ఇచ్చారు గానీ, ఒక్కరూ అందులో ఉప్పురాయైనా వేసి ఇవ్వలేదు.

సంచి కోడలికిచ్చి ఇంటికొచ్చి చూస్తే, మా గూట్లో ఒకటి మిగిలే ఉంది. అప్ప ఆఖరుసారి పంపిన పులుసుది. ఎప్పుడో తోమాను గానీ గోడ మీద పెట్టడానికి చేతులు రాలేదు. పెడితే అందుకునేదెవరు? పెట్టకపోతే ఆ కోళ్లావిడకీ నాకూ తేడా ఏమిటి?

మర్నాడు నెల్లిమర్ల బజారులో బేరమాడకుండా వంజరం చేప కొన్నాను. అమ్మే మనిషి నా ఒంట్లో బాగుందా అని అడిగింది. పులుసు పెట్టి, గిన్నె అంచుదాకా నింపి, కోడల్ని కేకేసి గోడ మీద పెట్టాను. ఆ పిల్ల మూత తీసి చూసి, లోపలికి పట్టుకుపోయింది.

సాయంత్రానికి గిన్నె మళ్లీ గోడ మీదకొచ్చింది. శుభ్రంగా తోమి, లోపల రెండు పచ్చిమిరపకాయలు.

"సిన్నత్తా, మెల్లగా దించుకో. బరువుగా ఉన్నాది," అంది అవతల్నించి.

మిరపకాయల్లో ఒకటి వడిలిపోయింది. నేనెన్నడూ వడిలినవి వెయ్యలేదు. రేపు గిన్నె ఇచ్చేటప్పుడు ఆ పిల్లకి ఆ సంగతి చెప్పాలి.