రెండు నోటు పుస్తకాలతో విజయవాడ

ఉదయం నాలుగున్నరకు అలారం పెట్టుకున్నాను గానీ, దాని అవసరం రాలేదు. నిద్ర పడితేగా లేవడానికి! ఫైలు మూడుసార్లు విప్పి చూసుకున్నాను. నాలుగోసారి చూడబోతూ నామీద నాకే కోపమొచ్చి సంచీలో కుక్కేశాను.

రాజోలు నుంచి స్కూటరు మీద నాగమణిగారి ఊరు చేరేసరికి ఐదుంపావు. ఆవిడ అప్పటికే తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని వీధి అరుగు మీద కూర్చునున్నారు. స్కూటరు వాళ్ళింట్లో పెట్టేసి ఆటో ఎక్కాం.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసేవాళ్ళందరూ ఇకమీదట లైసెన్సు తీసుకోవాలని రాష్ట్రంలో ముసాయిదా నిబంధనలు తయారయ్యాయి. అది మంచిదే. బోర్డు కట్టుకుని, నోటికొచ్చిన సలహాలిచ్చి కాపురాలు పాడుచేసినవాళ్ళను నేనే చూశాను. చిక్కల్లా ఒక షరతుతో వచ్చింది. సోషల్ వర్క్ పట్టా ఉన్నవాళ్ళకే లైసెన్సట. నాకు పట్టా ఉంది. నాగమణిగారిది పదో తరగతి. కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చాక, గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అక్కడి ఆడవాళ్ళ గోడు వినడం మొదలుపెట్టారు. మా సహాయ కేంద్రంలో నాకు పని నేర్పిందీ ఆవిడే. ఆ నిబంధన అలాగే ఖాయమైతే ఆవిడ ఇక మా కేంద్రంలో కూర్చోవడానికి వీల్లేదు.

అనుభవాన్ని కూడా అర్హతగా తీసుకోవాలనీ, రుజువుకు పట్టా లేనివాళ్ళు రాసుకున్న కేసు పుస్తకాలు చూడాలనీ నేను అర్జీ పంపాను. నాగమణిగారి రెండు నోటు పుస్తకాలూ పట్టుకుని రమ్మని ఆ నిబంధనలు చూస్తున్న కమిటీ పిలిచింది. విజయవాడలో, మధ్యాహ్నం పన్నెండుకు.

ఆరింటికి సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పంటు ఎక్కాం. చిల్లర దగ్గరుంచుకోండి, లేకపోతే టిక్కెట్టు కుర్రాడు కస్సుమంటాడు. గోదారి నిండుగా, నెమ్మదిగా ఉంది. నేను మాత్రం గడియారం చూసుకుంటూనే ఉన్నాను. పక్కన మోపెడ్‌కు రెండువైపులా కొబ్బరిబొండాలు వేలాడేసుకున్న పెద్దాయన పలకరించారు.

"ఏ పనిమీదండీ, ఇంత పొద్దున్నే?"

చెప్పాను.

"మంచీ చెడ్డా చెప్పడానిక్కూడా లైసెన్సేంటండీ బాబూ!" అని నవ్వేశారు. నాగమణిగారు కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నరసాపురం స్టేషన్లో ఇడ్లీ తిన్నాం. తిన్నామంటే ఆవిడ తిన్నారు, నేను చట్నీలో కెలికాను. రైలు ఏడుంపావు దాటాక కదిలింది. పాలకొల్లులో ఎక్కిన ఒకావిడ మా ఎదురుగా కూర్చుంది. భీమవరం వచ్చేసరికి నాగమణిగారి పక్కకు మారింది. ఆకివీడు దాటాక చూస్తే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నాగమణిగారు ఆవిడ చెయ్యి పట్టుకుని వింటున్నారు. గుడివాడలో ఆవిడ దిగిపోయాక, ఏమిటి సంగతని అడిగాను.

"ఏం లేదండీ. ఊసుపోక మాటాడేరు."

అప్పుడు తోచింది నాకు, ఆ నోటు పుస్తకాలు నేను ఒక్కసారీ తెరిచి చూడలేదని. అడిగితే నాగమణిగారు రబ్బరుబ్యాండు తీసి ఇచ్చారు. పేజీల నిండా వంకర అక్షరాలు. ఎక్కడా మనుషుల పేర్లు లేవు. 'జంట మామిళ్ళు, నీలం గేటు, వంతెన దిగగానే' అని ఒకచోట. 'చేపల మార్కెట్టు సందు, మేడమెట్లు బయటికున్న ఇల్లు' అని ఇంకోచోట.

"పేర్లు రాయలేదేంటండీ?"

"పేర్లు రాత్తే ఎలాగండీ, గుట్టు బయటపడిపోదూ? అందుకే గుర్తులెట్టుకున్నానండి."

భలే ఉపాయం అనిపించింది. ఉదయం నుంచీ బిగబట్టిన ఊపిరి కాస్త వదిలాను. వదలకుండా ఉండాల్సింది.

రైలు ముప్పావుగంట ఆలస్యంగా విజయవాడ చేరింది. ఎండ మండిపోతోంది. ఆటోలో నేను ఫైలు మళ్ళీ విప్పబోతుంటే నాగమణిగారే దాని మీద చెయ్యి వేశారు. కమిటీలో ముగ్గురున్నారు. మధ్యలో అధ్యక్షురాలు. ఆవిడ ప్రశ్నలకు నేను తడబడుతూ జవాబులు చెబుతుంటే, కుడిపక్కనున్న సభ్యుడు పుస్తకం తిప్పుతూ హఠాత్తుగా ముఖం విప్పార్చారు.

"ఏమ్మా, మీది రాజోలు పక్కనా? మాది మలికిపురమేనండీ! ఈ వంతెనా, ఈ జంట మామిళ్ళూ నాకు తెలీకపోవడమేంటి? చిన్నప్పుడు కాయలు కోసేవాళ్ళం. ఇది మన..."

పాపం ఆయన కళ్ళల్లో సొంతూరి మీది ముచ్చటే తప్ప ఇంకేం లేదు. కానీ నాగమణిగారు ఒక్క ఉదుటున లేచారు. ఆ ఇంటిపేరు ఆయన నోట వచ్చేలోపే పుస్తకం అందుకుని మూసేశారు.

"తవరు ఏవీ అనుకోకండి. ఆ ఇల్లు తవరికి తెలిసిందంటే, ఇది ఇక్కడుండకూడదండి."

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"పుస్తకాలు చూపించకపోతే మీ అనుభవం ఎలా ఒప్పుకోమంటారు?" అని అధ్యక్షురాలు మెల్లగానే అడిగారు.

"తెలీదండి. ఒప్పుకోకపోతే పోనీండి. ఆళ్ళు నాకు చెప్పేరండి, తవరికి కాదు."

ఆ సభ్యుడు తలదించుకుని, "ఆయ్, నాదే పొరపాటండి," అన్నారు. అధ్యక్షురాలు ఏదో రాసుకున్నారు. రుజువుకు వేరే మార్గముంటే పదిహేను రోజుల్లో రాసి పంపమన్నారు. అంతే. గంటకూడా పట్టలేదు.

బస్టాండు పక్క హోటల్లో భోజనం చేసి రెండుంపావుకు రాజోలు బస్సెక్కాం. నాకు ఆవిడ మీద కోపం, ఆ సభ్యుడి మీద కోపం. గుడివాడ వచ్చేసరికి అసలు కోపం ఎవరి మీదో తెలిసింది. పుస్తకాలు రుజువుగా చూడమని రాసింది ఎవరు? నేనే. కాలేజీలో గోప్యత మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అర్జీ నకలు తీసి ఆ వాక్యం కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో చించినాడ వంతెన ఎక్కేదాకా ఆలోచించినా తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదు. పన్నెండు రోజులే మిగిలాయి.

"దిగులెట్టుకోకండి మేడంగారూ. పొద్దుటేల టిఫినన్నా తిన్లేదు మీరు," అన్నారు నాగమణిగారు. ఉద్యోగం పోయేది తనది, ఓదార్పు నాకు!

రాజోలులో దిగి ఆవిడ ఊరికి ఆటో ఎక్కేసరికి ఆరున్నర. ఇంకా వెలుగుంది. గాలన్నది లేదు, ఒళ్ళంతా చెమటలు. కాలవ గట్టు వెంట పోతూ ఆటో ఒక వంతెన ఎక్కి దిగింది. నా తల దానంతటదే బయటికి తిరిగింది. మామిడిచెట్ల కోసం, నీలం గేటు కోసం వెతుకుతున్నానని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాగమణిగారు నన్ను చూశారు. నా మీదుగా వంగి, ఆటో పక్కనున్న పరదా కిందికి దించి కట్టేశారు.

"చలిగాలండీ," అన్నారు.

ఆ ఉక్కలో ఇల్లు చేరేదాకా అలాగే కూర్చున్నాం. నిబంధనల ప్రకారం, లైసెన్సు నాకు వస్తుంది.