కాకి తన్నిన తలకు ఇంగ్లీషు కార్డు

నేను హైస్కూలు చదివింది ఒక ఏడాది, మీద కొన్ని నెలలు. ఆ నెలలు ఎన్నో ఇప్పుడు చెప్పలేను గానీ చదువు ఎందుకు ఆగిందో మాత్రం చెప్పగలను. ఒక కాకి వల్ల. ఈ మాట అంటే మా మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. గదిలో ఫ్యాను తిరుగుతూ ఉండగానే బయటికి పోయే రకం వాళ్ళు, వాళ్ళ నవ్వుకు నేను విలువ కట్టను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. బెంగళూరు పేటలో మా తాతకు దుకాణం ఉండేది. పగ్గాలు, చాటలు, గోనెసంచులు అమ్మేవాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన మిద్దె. మా ఇంట్లో ఆడపిల్ల నాలుగో క్లాసు దాటింది లేదు. నన్ను హైస్కూల్లో వేయించింది తాతే. అది చదువు మీద ప్రేమ అనుకునేరు. ఎదురు దుకాణం ఆయన తన మనవరాలిని వేశాడు, అందుకని. నాయనకు మొదటి నుంచీ అది గిట్టలేదు.

"ఆ ఇంగ్లీషు మనింటికి ఒక్కసారన్నా పనికొచ్చిందా? ఈ ఉగాది లోపల పనికొస్తే సరే, లేకుంటే ఇంట్లో కూర్చో," అని తేల్చి చెప్పాడు. ఆయన ఒక మాట అంటే అది గోడకు కొట్టిన మేకు.

మా ఇంగ్లీషు టీచరమ్మ కంటోన్మెంటు నుంచి జట్కాలో వచ్చేది. ఎండైనా వానైనా గొడుగు మూసే పట్టుకునేది, అది మమ్మల్ని పొడవడానికి. రోజుకు ఐదు కొత్త మాటలు బోర్డు మీద రాసేది. మరునాటికి వాటిని వాక్యాల్లో పెట్టి తేవాలి. యుద్ధం వల్ల కాగితం దొరికేది కాదు. అందుకని ఒకే పేజీలో ముందు పెన్సిలుతో రాసి, దాని మీదే మళ్ళీ సిరాతో రాసేవాళ్ళం. ఇది నాకు భలే నచ్చింది. హైస్కూల్లో నాకు పూర్తిగా అర్థమైన పద్ధతి అదొక్కటే అనుకుంటాను.

నేర్చుకున్న మాటను వాడకుండా ఉంచడమంటే నాకు వండిన అన్నం పారబోసినట్టు ఉండేది. ఆవు మీద వ్యాసం రాయమంటే, ఆవును 'మాగ్నానిమస్' అన్నాను, అంటే పెద్ద మనసున్నదని. దాని తోకను 'ఇండిఫాటిగబుల్' అన్నాను, ఈగలు తోలడంలో దానికి అలుపు లేదని. టీచరమ్మ తోక కింద ఎర్ర గీత గీసి, కాసేపు ఆలోచించి, ఆ గీత కొట్టేసింది. తప్పని చెప్పలేకపోయింది పాపం.

వ్యాసం ఎలా రాయాలో ఆమె చెప్పిన విధానం నాకింకా గుర్తుంది. "మొదటి పేరాలోనే అసలు సంగతి కక్కేవాళ్ళు మొద్దులు. పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు గడపలోనే 'పిల్ల ఏదీ' అంటారా? వానల గురించి మాట్లాడతారు, కాఫీ తాగుతారు, మీ ఇల్లు చల్లగా ఉందంటారు. ఆ తర్వాతే పిల్ల. వ్యాసమూ అంతే. ముందు ఉపోద్ఘాతం, నడుమ వర్ణన, చివర ముగింపు. అసలు సంగతి ముగింపులో." ఇంకొకటి కూడా చెప్పింది. మనిషి చచ్చాడని రాయకూడదట. 'తన హెవెన్లీ అబోడ్‌కు తరలివెళ్ళారు' అని రాయాలట. అంటే స్వర్గధామం. చచ్చినవాళ్ళంతా అక్కడికే పోతారని ఆమెకెలా తెలుసని అడగబోయాను. చేతిలో గొడుగు చూసి ఊరుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక గురువారం, బడికి సెలవున్న రోజు పొద్దున, మా అవ్వ మిద్దె మీద వడియాలు ఎండబెట్టి, కావలికి తాతను కూర్చోబెట్టింది. తాతకూ కాకులకూ పాత పగ. కర్ర పట్టుకొని వాటిని పేరు పెట్టి తిడుతూ కూర్చునేవాడు. ఆ రోజు ఒక కాకి వెనక నుంచి వచ్చి, వడియాన్ని ముట్టకుండా, తాత బట్టతల మీద రెండు కాళ్ళతో తన్నిపోయింది. తాత ఎవరూ చూడలేదనుకొని తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. మెట్ల మీద నిలబడి అవ్వ చూసింది.

కాకి తల మీద తన్నితే శని పట్టినట్టు లెక్క. దానికి మావాళ్ళలో ఒక విరుగుడు ఉంది. ఆ మనిషి పోయాడని దగ్గరి చుట్టాలకు కబురు పంపాలి. వాళ్ళు నమ్మి, మనసారా ఏడవాలి. ఆ ఏడుపుతో చావు జరిగిపోయినట్టే, ఇక శనికి పని లేదు. తర్వాత నిజం చెప్పి, వాళ్ళ తిట్లు తిని, అన్నం పెట్టి పంపాలి. హొసకోటెలో తాత చెల్లెలు ఉండేది. ఏడవడానికి ఆమెను మించినవాళ్ళు లేరని అవ్వ క్షణంలో తేల్చింది.

చిక్కేమిటంటే, ఆ ఉత్తరం రాసే చెయ్యి దొరకలేదు.

"కన్నతండ్రి పోయినాడని నా చేత్తో రాయాల్నా? నా వల్ల కాదు," అన్నాడు నాయన.

"ఇంత రచ్చ యాలప్పా? తెండి, నేనే రాస్తా," అన్నాడు తాత.

"చచ్చినోడు రాస్తే ఎవురు నమ్ముతారు? నీ రాత మీ చెల్లెలికి తెలీదా ఏమి?" అంది అవ్వ.

అవ్వకు రాయడం రాదు. అమ్మ అప్పటికే వంటింట్లో దూరి గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు చేస్తోంది. నేను ముందుకొచ్చాను. నాకు ఉగాది కళ్ళ ముందు కనిపించింది.

"నేను ఇంగ్లీషులో రాస్తా," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. తాతే ముందుగా తేరుకున్నాడు. "మంచి మాట చెప్పింది పాప! మన దేవుళ్ళకు ఇంగ్లీషు రాదు గదా. ఏమి రాసినా ఆ కీడు మనకు అంటదు."

"మీ చెల్లెలికీ రాదు," అన్నాడు నాయన.

"ఆ ఊరి పోస్టాఫీసులో ఒకాయన ఉండాడు గదా, టెలిగ్రాములన్నీ ఆయనే చదివి చెప్తాడు. ఇంగ్లీషు కాగితమని తెలిస్తే చాలు, చదవకముందే గుండెలు బాదుకుంటారు," అంది అవ్వ. ఆ మాట నిజమే. మా వాడలో అప్పుడు ఇంగ్లీషు కాగితం వచ్చిందంటే పెద్ద వార్తే.

నాయన ఒక పోస్టుకార్డు తెచ్చి నా ముందు పెట్టాడు. "రాయి. ఆమె ఏడ్చిందంటే నువ్వు ఎస్సెల్సీ దాకా చదువుకో, నేను అడ్డం రాను." పరీక్షలకు కూడా నేను అంత భయపడలేదు.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. ఉపోద్ఘాతంలో బెంగళూరు వాతావరణం, ఈ ఏటి వానలు. తర్వాత వర్ణన. మా తాతను ఇల్లస్ట్రియస్ వర్తకుడన్నాను, అంటే పేరుమోసినవాడని, బెనివొలెంట్ అన్నాను, అంటే దయగలవాడని, మాగ్నానిమస్ అన్నాను. ఆవు తోకకు వాడిన మాటను కూడా ఆయనకే ఇచ్చాను. తాత పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"నన్ను గురించి ఏమేమి రాసినావు, చెప్పు."

చెప్పాను. ముఖం వెలిగింది.

"అంతేనా? నా దుకాణంలో పురి విడిపోయే పగ్గం ఒక్కటీ అమ్మలేదని రాయి. ఎదురు దుకాణపోడి మాదిరి కాదని కూడా రాయి."

"తాతా, ఇంకా నీ చావు రాయాల."

"దానికేమి తొందర? ముందు ఇది రాయి పాపా. పోయినాక నేను చెప్పుకుంటానా?"

రాశాను. ఆయన మరో రెండు సుగుణాలు గుర్తుచేసుకున్నాడు, అవీ రాశాను. కార్డు నిండిపోయింది. నాయన చూసి, "ఇంకో కార్డు తీయాల్నా?" అన్నాడు. రెండో కార్డు! ఒక మనిషి పోయాడని చెప్పడానికి రెండు కార్డులు ఎందుకు దండగ? అక్కర్లేదన్నాను. కార్డు తిప్పి, చిరునామా పక్కన మిగిలిన వేలెడు జాగాలో చీమతలంత అక్షరాలతో ముగింపు రాశాను. తాత స్వర్గధామానికి తరలివెళ్ళారని. మూడు భాగాలూ ఉన్నాయి, మాటలన్నీ వాడాను, కాగితం మిగిల్చాను. టీచరమ్మ చూస్తే గొడుగు కింద పెట్టేది.

మరునాటి నుంచి తాతను దుకాణానికి పోనివ్వలేదు. చుట్టాలు ఎప్పుడు వస్తారో తెలియదు గదా. బియ్యం బస్తాలున్న ఉగ్రాణం గదిలో ఆయనను కూర్చోబెట్టి, "మీ చెల్లెలు ఏడిచే దాకా దగ్గు కూడా రాకూడదు," అంది అవ్వ.

మూడో రోజు, ఆదివారం మధ్యాహ్నం, హొసకోటె అవ్వ దిగింది. బొగ్గుతో నడిచే బస్సులో వచ్చినందుకు ముఖమంతా మసి. ఒక చేతిలో చామంతి దండ, ఇంకో చేతిలో గుమ్మడికాయ. నవ్వుతూ గడప దాటింది.

"వదినా! యాడుండాడు మా అన్న? సర్కారోళ్ళు బిరుదిచ్చినారంట గదా! పోస్టాఫీసాయన చదివి చెప్పినాడు. ఇంగ్లీషులో ఇంత పొడుగున పొగిడినారంటే బిరుదు కాక ఇంకేముంటాదమ్మా అన్నాడు. ఊరంతా చెప్పుకొని వచ్చినా!"

నేను నాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు, అది ఇంకా భయం. మా అవ్వ మాత్రం తడబడలేదు. చెంగు ముఖానికి అడ్డం పెట్టుకొని రాగం ఎత్తుకుంది. "ఇంకెక్కడి అన్నమ్మా... ఎవురికి ఏస్తావమ్మా ఆ దండ..."

హొసకోటె అవ్వ నవ్వు ఆగింది. గుమ్మడికాయ కింద పెట్టింది. పెదవి వణికింది. ఇంకొక్క క్షణం ఉంటే నేను ఎస్సెల్సీ అయ్యేదాన్ని.

ఉగ్రాణం తలుపు తెరుచుకుంది. మూడు రోజుల గడ్డంతో, ఒంటి నిండా తవుడుతో తాత బయటికొచ్చి చెల్లెలి ముందు మెడ వంచాడు.

"ఇట్లా వెయ్యమ్మా దండ. అంత దూరం మోసుకొచ్చినావు."

సంగతి చెప్పేసరికి హొసకోటె అవ్వ గోడకు ఆనుకొని, పొట్ట పట్టుకొని నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ అవి లెక్కలోకి రావని అవ్వ ముందే ప్రకటించింది. ఒకసారి బయటపడ్డ అబద్ధానికి రెండోసారి ఎవరూ ఏడవరు. ఇంకెవరికి రాసినా, హొసకోటె నుంచి నిజం ముందే పోతుంది.

నాయన హొసకోటె అవ్వ దగ్గర కార్డు అడిగి తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు. నా ముగింపు మీద పోస్టాఫీసు ముద్ర నల్లగా, నిండుగా పడి ఉంది. స్వర్గధామం ఒక్క అక్షరం కూడా కనిపించలేదు.

"చావు కబురు మూలన రాస్తారా ఎవురన్నా?" అన్నాడు.

"అసలు సంగతి చివర్లో రాయాలని ఇస్కూల్లో..."

"ఇంత చదివి ఒక ముసిలామెను ఏడిపించలేకపోయినావు. చాల్లే. సోమవారం నుంచి పోవద్దు."

నేను ఏడ్చే రకం కాదు. టీచరమ్మ గొడుగుకూ ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను. గడప మీద కూలబడి, గొంతు పగిలేలా ఏడ్చాను. అమ్మ ఓదార్చడానికి వస్తే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపొద్దు! ఏడవనీ. ఏమయ్యా, ఇట్లా వచ్చి దాని ముందర నిలబడు. తల వంచు. ఇంకా వంచు."

తాత దండతో వచ్చి నా ముందు తల వంచి నిలబడ్డాడు.

"అది ఇస్కూలు కోసం ఏడస్తా ఉండాదమ్మా, తాత కోసం కాదు," అన్నాడు నాయన.

"శనేశ్వరుడు కూర్చోని విచారణ చేస్తాడా ఏమి? సొంత రక్తం, నిజం కన్నీళ్ళు. ఆ ఏడుపు తెచ్చింది ఈ తలే గదా! ఇంకేం కావాల? దోషం పోయింది, లేచి అందరూ అన్నానికి రండి."

హొసకోటె అవ్వ అవునంది. నాయన కాసేపు తల గోక్కొని తనూ అవునన్నాడు. ఆ మధ్యాహ్నం గుమ్మడికాయ పులుసు చేశారు. బాగుందని అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. నేనూ వడ్డించుకున్నాను, పస్తుండి ఎవరిని ఉద్ధరించాలి?

అయినా సోమవారం పొద్దున జడ వేసుకొని, పుస్తకాలు పట్టుకొని బయల్దేరాను. ఇంట్లో అందరూ నా వల్లే తాత బతికాడని ఒప్పుకున్నప్పుడు, ఆ కార్డు ఎలా పనికొస్తేనేం, పనికొచ్చినట్టే గదా అని నా లెక్క. అవ్వ వాకిట్లోనే ఆపింది.

"ఎక్కడికే? నువ్వు ఇస్కూలుకి పోతే నిన్నటి ఏడుపు అబద్ధం అయిపోతాది. మళ్ళా మొదటికొస్తాది. తాత ప్రాణమంటే ఆటా?"

నేరుగా దుకాణంలోకి పోయాను. తాత కొత్త పగ్గాలు చుట్టలు చుట్టి పేరుస్తున్నాడు.

"తాతా, నువ్వు చెప్తే నాయన వింటాడు. నువ్వే గదా నన్ను ఇస్కూల్లో ఏసింది. ఒక్క మాట చెప్పు."

ఆయన నా ముఖం చూశాడు, చేతిలోని పుస్తకాలు చూశాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో ఆయన చెయ్యి తనంతట తానే పైకి పోయి తల తడుముకుంది. నెత్తి నడుమ, కాకి గోరు గీరిన చోట.

"కొన్ని దినాలు పోనీ పాపా," అన్నాడు.

"కొన్ని దినాలు పోతే నా పేరు కొట్టేస్తారు."

ఆయన ఇంకో పగ్గం తీసుకొని చుట్టడం మొదలుపెట్టాడు. కాసేపు నిలబడి చూసి, ఇంకో కొస నేను పట్టుకున్నాను. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నా తలనే చూసుకునేదాన్ని. తాత ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మంచి ఆరోగ్యం, పళ్ళు కూడా ఊడలేదు. నా చదువు తిని బతికాడని ఎవరి దగ్గరా అనలేదు. మనసులో మాత్రం చాలాసార్లు అనుకున్నాను, ఆయన అన్నం తింటున్నప్పుడు మరీను.