మల్లెపువ్వు అనుకున్న పేరు

పోయిన నెల మా కోడలు పుట్టబోయే బిడ్డకు పేరు వెతుకుతూ, ఫోనులోంచి ఒక్కొక్కటీ చదివి వినిపిస్తూ, "మల్లోరీ ఎలా ఉందత్తయ్యా, కొత్తగా ఉంది కదా" అంది. వద్దమ్మా అని నేనెంత గట్టిగా అన్నానో, ఆ పిల్ల బిత్తరపోయి నా ముఖంలోకి చూసింది. తనకు కారణం చెప్పలేకపోయాను. మీరు నా ఈడువాళ్లు, మీతో చెప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బహ్రెయిన్‌లో, జుఫైర్‌లోని ఒక హోటల్లో గదులు సర్దే పని చేసేదాన్ని. మా పేర్లకు అతిథుల నోరు తిరగదని సూపర్‌వైజరు అందరికీ ఇంగ్లీషు పేర్లు పెట్టి, చొక్కాకు తగిలించుకునే బిళ్లల మీద రాయించాడు. నాకు ట్రేసీ వచ్చింది. నా గదిలోనే ఉండే భీమవరం వైపు అక్కకు మల్లోరీ వచ్చింది. భర్త పోయాక, పెళ్లయిన ఒక్క కూతురినీ ఊళ్లో వదిలి వచ్చిన మనిషి ఆవిడ; నన్ను చెల్లీ అనే పిలిచేది, నాకు జ్వరమొస్తే నా డ్యూటీ కూడా తనే చేసేది. ఆ పేరులో మల్లె ఉందని ఎంత మురిపెమో! శుక్రవారం ప్రార్థనకు చేరే తెలుగు సహవాసంలో కనబడిన వాళ్లందరికీ మల్లెపువ్వని అర్థం చెప్పేది. కూతురికి నెలలు నిండుతుంటే, ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టాలని ఫోనులో మాట తీసుకుంది.

అప్పుడే మా హోటల్లో దిగిన ఒక తెల్లజాతి పెద్దావిడను, నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఆ పేరు సంగతి అడిగాను. అది పాత ఫ్రెంచి మాటలోంచి పుట్టిన ఇంటిపేరట, దురదృష్టవంతుడని అర్థమట, ఆడపిల్లలకు పెట్టుకోవడం ఈ మధ్య మొదలైందట, అర్థం వాళ్ల దేశంలో ఎవరూ పట్టించుకోరట. అక్కకు చెబుదామనుకుంటూనే గదికొచ్చాను. ఆ సాయంత్రమే తెలిసింది, నేను ఆశపడ్డ అంతస్తు ఇన్‌చార్జి పని అక్కకిచ్చారని. నోరు మూసుకున్నాను.

మనవరాలు పుట్టింది, ఊళ్లో చర్చిలో పేరు పెట్టారు. ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక అక్క అందరికీ లడ్డూలు పంచుతూ పాప ఫోటో చూపిస్తుంటే, పదిమందిలో నేనన్నాను:

"అక్కా, అది మల్లెపువ్వు కాదంట. దురదృష్టవంతురాలని అర్థమంట."

ఎవరో నవ్వారు. అక్క లడ్డూల డబ్బా కింద పెట్టింది.

"నీకెప్పుడు తెలిసిందే?"

"రెండు నెలలైంది."

"మరి పాపకి పెట్టకముందే చెప్పలేకపోయావా?"

మర్నాడు అక్క బిళ్ల మార్చమని అడిగితే, ఇంటర్వ్యూలో నీ వాలకం చూసే ఆ పేరు పెట్టానని సూపర్‌వైజరు పగలబడి నవ్వాడు. వాడి నవ్వు కన్నా నా మాటే ఆవిడకు లోతుగా దిగిందని నాకు తెలుసు. ఆ తరువాత రెండేళ్లు ఒకే గదిలో ఉన్నాం. అక్క నాతో పోట్లాడలేదు, పని నేర్పడం మానలేదు. కాకపోతే, మా గదిలో అన్నం తినేటప్పుడు కూడా, "ట్రేసీ, ఉప్పు ఇలా ఇవ్వు" అనేది.

అక్క ఊరెళ్లిపోయాక ఆవిడ కబురు నాకు తెలియలేదు. ఇప్పుడు నన్ను అత్తయ్యా అనేవాళ్లున్నారు, పెద్దమ్మా అనేవాళ్లున్నారు. చెల్లీ అనేవాళ్లు మాత్రం ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు. ఉన్న ఒక్కరినీ నేనే పోగొట్టుకున్నాను.